చుక్కల టైలు, గీతల టైలు

కాంట్రాక్టరు చౌహాన్ రెండోసారి ఫోన్ చేసి చుక్కల టైల్స్ ఇంకో లోడు కావాలన్నప్పుడు నేను సంతోషించాల్సింది. ఒకే గిరాకీ ఒకే సరుకు మళ్లీ అడగడం వ్యాపారికి మంచి శకునం. కానీ నాకెందుకో అనుమానం వచ్చింది.

ఘజియాబాద్‌లో నాది టైల్స్ షాపు. చూపు లేనివాళ్లు నడిచే దారికి వేసే పసుపు టైల్స్ కూడా అమ్ముతాను. అవి రెండు రకాలు. గీతల టైలు కాలి కింద తగిలితే ముందుకు పద అని అర్థం. చుక్కల టైలు తగిలితే ఆగు, ఇక్కడ మలుపో, మెట్టో, రోడ్డో ఉంది అని. ఎంత పొడుగు దారైనా గీతలవే ఎక్కువ పోతాయి, చుక్కలవి కాసిని చాలు. చౌహాన్ పని చేస్తున్నది సౌత్ ఢిల్లీలో ఒక యూనివర్సిటీలో. మెయిన్ గేటు నుంచి హిస్టరీ డిపార్ట్‌మెంటు దాకా ఉన్న ఆ దారిని నేనెరుగుదును. అక్కడ అన్ని మలుపులు లేవు. మొదటి లోడులోనే చుక్కలవి మిగిలిపోవాలి.

"సోమవారం చెప్తాను" అని ఫోన్ పెట్టేసి కారు తాళాలు తీసుకున్నాను.

వేరే చోటయితే కదిలేవాణ్ణి కాదు. అమ్మిన సరుకు కొన్నవాడిది, వాడు గోడకి అంటించుకున్నా నాకు అనవసరం. కానీ సోమవారం ఆ దారి మీద నా మేనకోడలు ప్రవల్లిక ఒంటరిగా నడవాలి. ఆ నడక మీద ఒక బేరం ఉంది. ఆ బేరానికి నేను మధ్యవర్తిని.

బేరం అంతకు ముందు ఆదివారం ఆర్.కె. పురంలో మా అక్క ఉమారాణి క్వార్టర్లో కుదిరింది. ప్లస్‌టూ అయ్యేసరికి ప్రవల్లికకి చూపు దాదాపు పోయింది. ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. బి.ఎ.లో చేరినప్పటి నుంచీ మా బావ రాజగోపాల్ రోజూ పొద్దున మోచెయ్యి పట్టుకుని క్లాసు గుమ్మం దాకా దించి, ఆ తర్వాత ఆఫీసుకి పరుగెడతాడు. సాయంత్రం మళ్లీ గేటు దగ్గర నిలబడతాడు. ఆఫీసులో ఆయనకి రావాల్సిన ప్రమోషను ఆగింది, సెలవులన్నీ అయిపోయాయి. ఆయన దాన్ని నష్టంగా రాసుకోలేదు. అదే అసలు చిక్కు. నష్టమని ఒప్పుకోని మనిషితో బేరం కష్టం.

ఇంతలో అమ్మాయికి యూనివర్సిటీ హాస్టల్లో సీటు వచ్చింది.

"ఇల్లు ఇంత దగ్గర పెట్టుకుని హాస్టలేంటే?" అన్నాడు బావ, పెసరట్టు తుంచుతూ.

"క్లాసయ్యాక అందరూ చాయ్‌కి వెళ్తారు నాన్నా. నేను గేటుకి వెళ్తాను. నా ఫోన్ మోగితే చాలు, ‘పాపా ఆ గయే’, నాన్నొచ్చేశారు అని క్లాసంతా ఒకేసారి అంటుంది."

"వస్తే తప్పా?"

"తప్పనలేదు. వద్దంటున్నాను."

మా అక్క వంటింట్లోంచి తొంగిచూసి, ఇద్దరిలో ఎవరికి చట్నీ వెయ్యాలో తెలియనట్టు నిలబడింది. చివరికి బావే షరతు పెట్టాడు. యూనివర్సిటీ వాళ్లు కొత్తగా పసుపు దారి వేస్తున్నారు కదా. గేటు నుంచి డిపార్ట్‌మెంటు మెట్ల దాకా ఆ దారిన ఒక్కతే నడిచి చూపించాలి. తను వెనకే వస్తాడు గానీ ముట్టుకోడు, మాట్లాడడు. చేరితే హాస్టలు కాగితం మీద సంతకం. చేరకపోతే ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. కాగితం ఇవ్వాల్సిన ఆఖరి రోజు సోమవారం.

"మధ్య మనిషిగా రాఘవులు ఉంటాడు" అన్నాడు బావ.

"మామయ్యయితే ఓకే" అంది ప్రవల్లిక.

రెండు వైపులా మంచివాణ్ణయినందుకు ఆ రోజు కాస్త గర్వపడ్డాను.

ఫోన్ వచ్చిన ఆ శుక్రవారం సాయంత్రం యూనివర్సిటీ గేటు దాటి ఆ దారి చూడగానే ఆగిపోయాను. గీతల టైల్స్ మూడు, చుక్కల టైలు ఒకటి, మళ్లీ గీతలు మూడు, చుక్కలు ఒకటి. దారి పొడుగునా అంతే. వేపచెట్టు చుట్టూ చుక్కల టైల్స్‌తో ముగ్గు పెట్టినట్టు పెద్ద డైమండు. చూడ్డానికి చీర అంచులా ఉంది. కళ్లున్నవాడు ఎవడైనా ఆగి మెచ్చుకుంటాడు. కళ్లు లేనివాళ్లకి అది నాలుగు అడుగులకోసారి ‘ఆగు, ప్రమాదం’ అని చెప్పే దారి.

మిస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని టైలు తడుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"డిజైన్ ఎలా ఉంది సేఠ్‌జీ? ఊరికే సీదాగా వేస్తే బోర్. నేను సొంతంగా ఆలోచించి వేశాను. ఫోటో తీసి స్టేటస్‌లో కూడా పెట్టాను."

వాణ్ణి తిట్టడానికి నోరు రాలేదు. ఇంత శ్రద్ధగా చేసిన తప్పుని నేను మునుపు చూడలేదు. మూలలు కత్తితో కోసినట్టున్నాయి.

చౌహాన్‌కి ఫోన్ చేశాను. "డ్రాయింగ్‌లో పీలా టైల్ అని ఉంది భాయ్‌సాబ్, పసుపే వేశాను. తేడా ఏముంది?" అన్నాడు. ఏముందో, ఆ దారిన ఎవరు నడవాలో చెప్పాను. "మీ మేనకోడలు ఒక్కతే నడుస్తుంది. డిజైన్ అందరూ చూస్తారు. మీరూ ధంధాలో ఉన్నవాళ్లే, మీరే చెప్పండి."

వ్యాపారిగా చూస్తే వాడి మాటలో లెక్క తప్పు లేదు. అందుకే ఒళ్లు మండింది.

అక్కడి నుంచి వికలాంగ విద్యార్థుల కోసం యూనివర్సిటీ నడిపే సెల్‌కి వెళ్లాను. అది ఒక బిల్డింగు వెనక, స్టోర్‌రూము పక్కన, ఒక్క గది. తెరపై అక్షరాలను చదివి వినిపించే కంప్యూటర్లు, మూలన తెల్ల కర్రల కట్ట. ఇన్‌ఛార్జి రేవతి గారు కాకినాడ మనిషి. ప్రవల్లికకి కర్రతో నడక నేర్పించింది ఈ సెల్లే.

"మీరేమవుతారండీ ఆ అమ్మాయికి?"

"మేనమామనండీ. ఆ టైల్స్ కూడా నావే."

"అయ్యో, అయితే రెండు వైపులా ఇరుక్కున్నారన్నమాట." ఆవిడ కుర్చీ చూపించింది. "ఫోటోలు పెట్టి ఇంజనీరింగ్ వాళ్లకి రాశానండీ. పని నడుస్తోంది, పూర్తయ్యాక రాయండి అన్నారు. పూర్తయ్యాక రాస్తే, పని పూర్తయిపోయింది కదా అంటారు. నాకు అలవాటే."

"సోమవారం లోపు ఏమైనా..."

"సోమవారమా?" ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీరు ఏ యూనివర్సిటీ గురించి మాట్లాడుతున్నారు?"

లేచేటప్పుడు మాత్రం, "కంగారు పడకండి, పిల్లలకి పిల్లలే చెప్పుకుంటార్లెండి" అంది. ఆఫీసుల్లో మనిషిని బయటికి పంపడానికి వాడే మాటల్లో అదొకటి అనుకున్నాను.

శనివారం ఇంకో పని చేశాను. నష్టమైనా నాదే అనుకుని, షాపు నుంచి ఒక టెంపో గీతల టైల్స్, ఇద్దరు పనివాళ్లని వేసుకుని గేటు దగ్గరికి వెళ్లాను. చుక్కలవి పీకి గీతలవి అంటిస్తే ఆదివారానికి దారి దారవుతుంది.

"పాస్?" అన్నాడు గార్డు.

"అరే భయ్యా, బాగుచెయ్యడానికి వచ్చాం. పాడుచెయ్యడానికి కాదు."

"పాడుచెయ్యడానికైనా పాస్ కావాలి అంకుల్‌జీ."

వాడితో వాదించి లాభం లేదు. టెంపో వెనక్కి తిప్పాను. ఇందిరాపురంలో మా ఇంటి దాకా దారంతా నా బుర్రలో తక్కెడ పైకీ కిందికీ ఊగుతూనే ఉంది. బావకి నిజం చెప్తే? ‘చూశావా, యూనివర్సిటీ వాళ్లకి గీత కూడా సరిగ్గా గియ్యడం రాదు, అక్కడ పిల్లని ఎలా వదలను’ అంటాడు. బేరం అక్కడే చచ్చిపోతుంది. చెప్పకపోతే? అమ్మాయి నాలుగు అడుగులకోసారి ఆగి, కర్రతో చుట్టూ వెతికి, లేని మెట్టు కోసం కాలు చాపుతుంది. వెనక నిలబడి బావ చూస్తాడు. వాయిదా వేద్దామంటే కాగితానికి గడువు లేదు. ఎటు చూసినా అమ్మాయి వైపు పళ్లెమే తేలిపోతోంది.

"ఏంటి, ఎక్కడైనా లారీ బోల్తా పడిందా?" అంది మా ఆవిడ అన్నపూర్ణేశ్వరి, నేను అన్నంలో మజ్జిగకు బదులు మంచినీళ్లు పోసుకుంటుంటే.

"సరుకు సరిగ్గానే చేరింది. అదే బాధ."

విషయం చెప్పాను. "అయితే ఇవన్నీ ఎందుకు? అమ్మాయికే చెప్పొచ్చుగా" అంది.

అంతసేపూ ఆ ఒక్క దారీ నాకు తట్టలేదు. చౌహాన్‌తో మాట్లాడాను, రేవతి గారితో మాట్లాడాను, గార్డుతో కూడా మాట్లాడాను. నడవాల్సిన మనిషితో మాట్లాడలేదు.

ఆదివారం ఫోన్ చేస్తే బావ ఎత్తి, స్పీకర్లో పెట్టాడు. వాళ్లింట్లో అంతా స్పీకర్లోనే. అమ్మాయి పక్కనే ఉంది.

"ప్రవల్లికా, అదేనమ్మా... రేపటి సరుకులో కాస్త తేడా ఉంది."

"ఏం సరుకు?" అన్నాడు బావ.

"షాపు సంగతిలే బావా."

"షాపు సంగతి దానికెందుకు?"

అటు నుంచి ప్రవల్లిక తాపీగా, "ఠీక్ హై మామయ్యా, నేను చూసుకుంటాను" అంది. ఏం అర్థమై అందో, నన్ను బయటపడెయ్యడానికి అందో తెలియలేదు. ఆ పగలంతా షాపులో ఉన్న బాక్సులు ఇటువి అటు, అటువి ఇటు పెట్టించాను. పనివాళ్లు నన్ను విచిత్రంగా చూశారు.

సోమవారం పొద్దున గేటు దగ్గర బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఫీసు బ్యాగు భుజానికి తగిలించుకుని నిలబడ్డాడు. ప్రవల్లిక మోచెయ్యి అలవాటుగా ఆయన గుప్పిట్లో ఉంది.

"వదలండి నాన్నా. మొదలైపోయింది."

ఆయన వదిలాడు. ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియక బ్యాగు పట్టీ పట్టుకున్నాడు.

అమ్మాయి కర్ర తెరిచి పసుపు టైల్స్ మీద నాలుగు అడుగులు వేసింది. చుక్కల టైలు తగిలింది. ఆగలేదు. ఎడమవైపుకి జరిగి టైల్స్ దిగిపోయింది. పూలమొక్కల కోసం కట్టిన పిట్టగోడని కర్రతో తడుతూ దాని వెంటే నడక సాగించింది.

"దారి తప్పింది" అన్నాడు బావ నా చెవిలో. "రాఘవులూ, దారి తప్పిందయ్యా."

"మాట్లాడకూడదు బావా."

"నీతో మాట్లాడొచ్చు. టైలు అక్కడుంటే అదెక్కడ నడుస్తోంది?"

గోడ అయిపోయింది. జెరాక్సు మెషీను చప్పుడు వినిపించే చోట ఒక్క క్షణం ఆగి, కుడికి తిరిగింది. కాలవ మీది ఇనప జాలీ కర్రకి టంగుమంది. అక్కడి నుంచి జాలీని వదలకుండా నడిచింది. అడుగు తడబడలేదు. బావ మాత్రం ఆమె వెనక, పసుపు టైల్స్ మీదే నడుస్తున్నాడు. మనసులో ఆమె కూడా టైల్స్ మీదే నడవాలన్నట్టు. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది.

మలుపు దగ్గర మిస్త్రీ పని మిగిలి ఉంది. జాలీ పక్కనే ఇసుక కుప్ప, దాని మీద అడ్డంగా పార. అమ్మాయి నేరుగా దాని మీదికే వెళ్తోంది. కర్ర అటూ ఇటూ ఊగుతోంది. ఇంకో అడుగు. నేను నోరు తెరిచి మూసుకున్నాను.

బావ బ్యాగు కింద పడేసి పరుగెత్తి ఆమె భుజం పట్టి లాగేశాడు.

కర్ర చేతిలోంచి జారి దూరంగా పడింది. దారిన పోయే ఇద్దరు పిల్లలు ఆగి చూశారు. నేను కర్ర తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టాను.

"పడిపోయేదానివే! పార ఉంది అక్కడ!" అన్నాడు బావ రొప్పుతూ.

"పడేదాన్నో, కర్రకి తగిలితే ఆగేదాన్నో" అంది ప్రవల్లిక, "మీరు తెలియనివ్వలేదు నాన్నా."

తర్వాత బావ నావైపు తిరిగాడు. "చెప్పు రాఘవులూ. మధ్య మనిషివి నువ్వే. టైల్స్ దిగిందా లేదా? దారి తప్పిందా లేదా?"

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో తూకం పట్టేవాడు. కాటా నిలవకముందే ఎవరైనా పళ్లెం మీద చెయ్యి పెడితే, అమ్మేవాడైనా కొనేవాడైనా, బస్తా దింపించి మొదటి నుంచి తూయించేవాడు. నాకు తెలిసిన న్యాయం అదొక్కటే.

"దిగింది" అన్నాను. "దిగకపోతే ఇంకా గేటు దగ్గరే ఉండేది. ఆ చుక్కల టైలుకి ఆగు అని అర్థం బావా. ఎన్ని ఉన్నాయో చూడు. అందం కోసం వేశారు. అమ్మినవాణ్ణి నేను, శుక్రవారమే చూశాను. నీకు చెప్పలేదు. చెప్తే సంతకం పెట్టవని."

బావ కిందికి చూశాడు. తను నిలబడ్డది చుక్కల టైలు మీదే.

"దానికి తెలుసా?"

"గురువారమే తెలుసు" అంది ప్రవల్లిక. ఫోన్ తీసి ఏదో నొక్కింది. ఒక కుర్రాడి గొంతు హిందీలో తాపీగా మాట్లాడింది. సెల్‌లో ఉన్న పిల్లలంతా కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారట. క్యాంపస్‌లో ఎక్కడ ఏం మారినా మొదట తగిలినవాళ్లు మిగతావాళ్లకి గొంతు రికార్డు చేసి పంపుతారు. ఈ గొంతు వరుణ్ అనే సీనియర్‌ది. "దోస్తులారా, మెయిన్ గేటు దగ్గర కొత్త పీలీ టైల్ పడింది. చూసేవాళ్లు చాలా బాగుందంటున్నారు. మనం నమ్మొద్దు. ఎడమ పిట్టగోడ పట్టుకోండి, జెరాక్సు దగ్గర కుడికి, తర్వాత జాలీ వదలకండి."

రేవతి గారు అన్నది అక్షరాలా ఇదేనని అప్పుడు అర్థమైంది. రెండు రోజులు తిరిగి నేను మోసిన బరువుని ఈ పిల్లలు ఎప్పుడో దించేసుకున్నారు. నా తిరుగుడంతా దండగ ఖాతాలోకి పోయింది. పోనీ.

"అయితే మామయ్యా, తీర్పు?" అంది.

"ఓడిపోలేదు, గెలవలేదు. తూకం నిలవకముందే పళ్లెంలో చెయ్యి పడింది. ఈ తూకం చెల్లదు. మళ్లీ గేటు నుంచి. ఈసారి బావ వెనక రాడు. గేటు దగ్గరే ఉంటాడు, నాతో."

"నాకు మీటింగుంది" అన్నాడు బావ.

"అయితే సంతకం పెట్టి వెళ్లు."

ఆయన బ్యాగు తీసుకుని గేటు వైపు నడిచాడు.

రెండోసారి ఆమె పిట్టగోడ వెంట వెళ్తుంటే మేమిద్దరం గార్డు కుర్చీ పక్కన నిలబడ్డాం. జెరాక్సు షాపు దగ్గర కుడికి తిరిగింది, కనబడకుండా పోయింది. చేరగానే ఫోన్ చెయ్యాలని మాట. బావ ముందు వాచీ చూశాడు, తర్వాత నన్ను చూశాడు, తర్వాత జెరాక్సు షాపు వైపు చూశాడు.

"ఇసుక కుప్ప అలాగే ఉంది కదా."

"ఉంది."

"పార?"

"అదీ ఉంది."

ఆయన అటు అడుగు వేశాడు. మోచెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోబోయాడు. నేను వదల్లేదు. ఇద్దరు పెద్దవాళ్లం పొద్దున్నే గేటు దగ్గర చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడితే గార్డు అనుమానంగా చూశాడు. శనివారం టెంపోతో వచ్చిన అంకుల్ నేనే అని గుర్తుపట్టాడనుకుంటా.

నా ఫోన్ మోగింది. బావ దాన్ని దాదాపు లాక్కున్నాడు. చౌహాన్.

"చుక్కలవి పంపుతున్నారా భాయ్‌సాబ్? లైబ్రరీ దారిలో కూడా అదే డిజైన్ వేద్దామంటున్నారు."

గోడౌన్లో చుక్కల టైల్స్ పైకప్పుని తాకుతున్నాయి. "స్టాక్ లేదు" అన్నాను. "ఎప్పుడొస్తుందో తెలియదు. గీతలవి కావాలంటే ఇప్పుడే ఎక్కిస్తాను." వాడు వేరే షాపులో కొంటాడు. ఆ సంగతి నాకూ తెలుసు. సాయంత్రం రేవతి గారికి లైబ్రరీ దారి గురించి ముందే చెప్పాలి, పని మొదలవకముందే కాగితం వెళ్లాలి అనుకున్నాను.

గంట కొట్టిన చప్పుడు దూరంగా వినబడింది. క్లాసు మొదలయ్యుండాలి. బావ మోచెయ్యి నేనింకా వదల్లేదు.

అప్పుడు బావ ఫోన్ టింగుమంది. కాల్ కాదు, గొంతు రికార్డు. ప్రవల్లిక వాళ్ల గ్రూపులో పెట్టినదాన్నే నాన్నకి కూడా పంపింది. ఆయన స్పీకర్లో పెట్టాడు. గుసగుసగా, హిందీలో, వెనక ఎవరో పాఠం చెప్తుండగా ఆమె గొంతు:

"దోస్తులారా, హిస్టరీ మలుపు దగ్గర జాలీ మీదికి ఇసుక వచ్చింది. మీద పార ఉంది, కర్రకి ముందే తగులుతుంది, భయం లేదు, కుడి నుంచి తిరగండి. పక్కన మా పాపా కనిపిస్తే ఆయన్ని కూడా తప్పించుకోండి."

బావ విన్నాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టి విన్నాడు. ‘ముందే తగులుతుంది’ అన్న చోట వేలితో ఆపి, మూడోసారి అక్కడి నుంచి విన్నాడు.

"కర్రకి ముందే తగిలిందట" అన్నాడు.

"ఊఁ."

"నేను పట్టుకున్నప్పుడు కూడా తగిలే ఉంటుందంటావా?"

"అది మనకి తెలియదు బావా."

ఆయన తల ఊపాడు. బ్యాగు తెరిచి హాస్టలు కాగితం తీశాడు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే పెట్టుకున్నాడన్నమాట. పెన్ను కోసం జేబులు తడిమాడు, దొరకలేదు. గార్డు తన రిజిస్టరు పక్కనున్న పెన్ను ఇచ్చాడు. కాగితాన్ని గేటు స్తంభానికి ఆనించి సంతకం పెట్టాడు గానీ, గరుకు గోడ మీద అక్షరాలు ఎగుడుదిగుడుగా వచ్చాయి.

"మీ అక్కకి నువ్వే చెప్పు" అన్నాడు.

"చెప్తాను. నీకు మీటింగు..."

"వెళ్తాను" అన్నాడు. వెళ్లలేదు. జెరాక్సు షాపు వైపే చూస్తూ, ఇంకాసేపు తన మోచేతి మీద నా చేతిని అలాగే ఉండనిచ్చాడు.